తాళంచెవి లేకుండా తాళం తీయడం నేర్చుకోండి, ముందు ఒక్క పిన్నుతో

పెళ్ళికి బయల్దేరే రోజు మా అమ్మ బీరువా తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయింది. పట్టుచీరలన్నీ లోపలే. ఇల్లంతా గాలించినా దొరకలేదు. సందు చివర గొడుగు కింద కూర్చుని మారుతాళాలు చేసే ఆయన్ని పిలుచుకొస్తే, ఒక వంకర తీగ, ఒక ఖాళీ చెవి, చిన్న ఆకురాయి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంటలో బీరువా తెరుచుకుంది. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఏంటంటే, ఆ పావుగంటలో ఆయన తాళం వంక సరిగ్గా చూడనే లేదు. చెయ్యి తాళం దగ్గర, చూపు గోడమీద క్యాలెండరు దగ్గర.

ఆ ఊపులో ఆన్‌లైన్‌లో ఒక పిక్కుల సెట్టు, అంటే తాళంలో దూర్చి తీసే సన్నటి ఉక్కు పుల్లల సెట్టు, తెప్పించుకుని, ఇంట్లో కనబడిన ప్రతి తాళం కప్ప మీదా రెండు నెలలు కుస్తీ పట్టి, ఒక్కటీ తీయలేక, సెట్టు తీసి అటకమీద పడేశాను. ఎక్కడ తప్పు చేశానో ఏడాది తర్వాత గానీ అర్థం కాలేదు. మన ఇళ్ళలో ఉండే తాళం కప్పల్లో చాలావరకు అసలు ఆ పిక్కులతో తీసే రకమే కావు, అది ఒకటి. రెండోది ఇంకా పెద్ద తప్పు: నా ధ్యాసంతా పిక్కు పట్టుకున్న చేతిమీద ఉండేది, నిజంగా తాళం తీసేది రెండో చెయ్యి. కింద రాసిందంతా ఈ రెండు తప్పుల చుట్టూ తిరిగేదే.

మొదలుపెట్టే ముందు

మీది కాని తాళం ముట్టుకోవద్దు, దాని సొంతదారు పక్కనే ఉండి సరేనంటే తప్ప. ఇది ఎవరైనా చెప్తారు. రెండోది చాలామంది పట్టించుకోరు: మీదే అయినా సరే, వాడుకలో ఉన్న తాళం మీద ప్రాక్టీసు చెయ్యొద్దు. నేను అద్దె ఇంటి తలుపు మీద ప్రయత్నించి, పిక్కు కొన విరిగి లోపల ఇరుక్కుంటే, రాత్రి పదిన్నరకి ఓనరుకి ఫోన్ చేసి "తాళం పాడైందండీ" అన్నాను. ఎలా పాడైందో చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కొత్త సిలిండరు ఖర్చు నాదే, ఆయన చూపు మాత్రం ఖాళీ చేసేదాకా మారలేదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మన దగ్గర నేరం అయ్యేది పిక్కుతో చేసే పని. ఇంట్లోకి చొరబడడానికి తాళం తెరవడం పాత ఐపీసీ 445లోనే ఇల్లు పగలగొట్టడం కింద లెక్క, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 330లో ఉంది. తాళం చెక్కుచెదరకుండా తీశాను కదా అన్న వాదన నిలవదు. అర్ధరాత్రి బండి డిక్కీలో పిక్కులు పెట్టుకుని తిరిగితే పోలీసులు ఆపి అడగడంలో తప్పేమీ లేదు కాబట్టి వాటిని ఇంట్లోనే ఉంచండి. అమెరికాలో ఉండేవాళ్ళు రాష్ట్రం రాష్ట్రానికీ చూసుకోవాలి. మనవాళ్ళు బాగా ఉండే వర్జీనియాలో ఇలాంటి సాధనాలు మీ దగ్గర దొరికితే చాలు, దురుద్దేశం ఉన్నట్టు ప్రాథమికంగా అనుకుంటారు, కాదని మీరే చూపించుకోవాల్సి వస్తుంది. జపాన్‌లో అయితే 2003 చట్టంతో సరైన కారణం లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇది నేర్పితే దొంగలు తయారవుతారు కదా అని మా బాబాయి అడిగాడు. పేపర్లో దొంగతనం వార్త ఏది చదివినా "తాళం పగలగొట్టి" అనే ఉంటుంది. గునపంతో గొళ్ళెం లేపడానికి నిమిషం చాలు, ఈ విద్యకి నెలలు కావాలి. ఏ దొంగకి ఉంటుందండీ అంత ఓపిక!

ఏ తాళం కొనాలి

తాళం కప్ప మీద "6 లీవర్స్", "7 లీవర్స్" అని అచ్చు ఉందా? అయితే అది లీవర్ తాళం. లోపల పలకల్లాంటి లీవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అలీగఢ్ నుంచి వచ్చే కప్పలు, బీరువా తాళాలు, పాత ట్రంకుపెట్టెల తాళాలు చాలావరకు ఈ జాతివే. ఆన్‌లైన్‌లో దొరికే మామూలు సెట్టు వీటికి పనికిరాదు. నా రెండు నెలలు బూడిదలో పోసిన పన్నీరైంది ఇందుకే.

మనకి కావాల్సింది పిన్ టంబ్లర్ తాళం, అంటే లోపల స్ప్రింగుల మీద ఆడే చిన్న పిన్నులుండే రకం. చెవి చూస్తే తెలిసిపోతుంది: బల్లపరుపుగా ఉండి, ఒక అంచున రంపపు పళ్ళు, రెండు పక్కలా పొడుగునా గాడులు. ఇళ్ళ తలుపులకి, ఆఫీసు తలుపులకి వేసే సిలిండరు తాళాలు ఇవే. చెవికి పళ్ళు లేకుండా గుంట చుక్కలు ఉంటే దాన్ని షాపుల్లో కంప్యూటర్ కీ అంటారు, అది ఇప్పుడు వద్దు.

నేను కొన్నది రాణీగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో. తలుపుకి బిగించే యూరో సిలిండర్లలో, చెవి ఒకవైపే పడే హాఫ్ సిలిండరు అడగండి. రెండువైపులా చెవి పడేదైతే విప్పడం చిరాకు, ఎందుకో కింద చెప్తాను. ఖరీదైనది అక్కర్లేదు, నిజానికి చవకదే మంచిది, కొలతలు కాస్త వదులుగా ఉంటాయి. డబ్బాలు తెరిపించి చెవులు చూడండి. పళ్ళు ఇంచుమించు ఒకే ఎత్తులో, మెల్లగా పైకీ కిందకీ ఉన్నది తీసుకోండి. లోతైన గుంట పక్కనే నిటారుగా శిఖరం ఉన్న చెవి వద్దు, ఆ శిఖరం కింది పిన్ను చాలా ఎత్తు లేపాలి, దాని పక్కది అస్సలు కదలకూడదు, కొత్తలో అది నరకం. షాపతను "తాళం కొనడానికి వచ్చి చెవులు చూస్తారేంటి సార్" అన్నాడు. అననివ్వండి.

పారదర్శకంగా లోపలంతా కనబడే ప్లాస్టిక్ ప్రాక్టీసు తాళాలు సెట్టుతో పాటు ఉచితంగా వస్తాయి. ఇంట్లోవాళ్ళకి లోపల ఏం జరుగుతుందో చూపించడానికి బాగుంటాయి, అంతే. కంటితో చూసి తీయడం అలవాటైతే చేతికి వినడం రాదు.

ముందు విప్పండి

పిక్కు ముట్టుకోకముందే తాళాన్ని ముక్కలు ముక్కలుగా విప్పాలి. ఈ మెట్టు దాటేసినవాళ్ళు మధ్యలో ఆగిపోవడం ఖాయం, నాలాగే.

పళ్ళెంలో పాత తువ్వాలు పరిచి దానిమీద పని చేయండి. స్ప్రింగు ఒక్కొక్కటీ ఆవగింజకన్నా కాస్త పెద్దది. నేలమీద పడిందా, ఇక ఫ్రిజ్ కింద టార్చి వేసుకుని వెతుక్కోవడమే. సిలిండరు వెనకవైపు ఒక సర్‌క్లిప్పు, అంటే తెగిన రింగులాంటి బిగింపు, ఉంటుంది, సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని లేపండి, ఎగరకుండా పైన బొటనవేలు అడ్డం పెట్టి. చెవి పెట్టి కొంచెం తిప్పండి. ఇప్పుడు వెనక నుంచి ఒక గుండ్రటి కడ్డీతో నెట్టుతూ, ప్లగ్గుని, అంటే చెవితోపాటు తిరిగే ఇత్తడి ముక్కని, ముందుకి లాగాలి. కడ్డీ ప్లగ్గుతో సమానమైన మందం ఉండాలి, దాదాపు 13 మిల్లీమీటర్లు, మీ ప్లగ్గుని కొలుచుకోండి. చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు. ప్లగ్గుకీ కడ్డీకీ మధ్య వెంట్రుకవాసి సందు ఇచ్చినా పైనున్న పిన్నులు, స్ప్రింగులు అందులోకి దూకుతాయి. రెండువైపుల సిలిండరు వద్దన్నది ఇందుకే. దాంట్లో కడ్డీ మధ్య ఖాళీలోంచి దూర్చాలి కాబట్టి పొడుగు కడ్డీ పట్టదు, చిన్న చిన్న ముక్కలు ఒకదాని వెనక ఒకటి నెట్టాల్సి వస్తుంది.

ప్లగ్గు బయటికొచ్చాక చూడండి. వరసగా అయిదో ఆరో రంధ్రాలు, ఒక్కోదాంట్లో ఒక్కో ఇత్తడి పిన్ను, కింది కొన సూదిగా, ఒక్కోటీ ఒక్కో పొడుగు. వీటిని కీ పిన్నులంటారు. వాటికి ఎదురుగా బయటి ఒంట్లో, అంటే హౌసింగ్‌లో, డ్రైవర్ పిన్నులు, వాటి వెనక స్ప్రింగులు. సరైన చెవి దూరినప్పుడు కీ పిన్నులన్నీ ప్లగ్గు అంచుతో సమంగా నిలబడతాయి. కీ పిన్నుకీ డ్రైవర్ పిన్నుకీ మధ్య అతుకు సరిగ్గా ప్లగ్గుకీ హౌసింగ్‌కీ మధ్య గీత మీదకి వస్తుంది. ఆ గీత పేరు షియర్ లైన్. అన్ని అతుకులూ ఆ గీతమీద ఉంటే ప్లగ్గు తిరుగుతుంది, ఒక్క డ్రైవర్ పిన్ను అడ్డంగా ఉన్నా తిరగదు. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. మీ తలుపుకి ఉన్నది పైకి ఎంత కొత్తగా కనబడినా లోపల అదే ఏర్పాటు.

అసలు తెరుచుకోవడం ఎందుకు సాధ్యం

కాగితం మీద చూస్తే అసాధ్యమే. అయిదు పిన్నుల్నీ ఒకేసారి సరైన ఎత్తుకి లేపి పట్టుకోవాలంటే అయిదు చేతులు కావాలి.

కానీ ఆ రంధ్రాలు మిషన్ మీద వేసినవి, ఒకే సరళరేఖ మీద కచ్చితంగా ఉండవు. ఒకటి వెంట్రుకవాసి ఎడమకి, ఒకటి కుడికి. ఎగుడుదిగుడు నేలమీద మంచం వేస్తే బరువంతా ముందు ఏదో ఒక కోడు మీద పడుతుంది కదా, అలాగే ప్లగ్గుని తిప్పబోతే ఆ ఒత్తిడంతా ముందు ఒక్క పిన్ను మీద పడుతుంది. ఆ ఒక్కటే బిగుసుకుంటుంది, మిగతావి స్ప్రింగుల మీద ఆడుతూనే ఉంటాయి. బిగిసినదాన్ని మెల్లగా లేపితే అతుకు గీత దాటగానే ప్లగ్గు ఇసుమంత తిరిగి, డ్రైవర్ పిన్ను కింద చిన్న మెట్టులా నిలబడుతుంది. ఆ డ్రైవర్ ఇక కిందకి రాదు. ఇప్పుడు ఒత్తిడి ఇంకో పిన్ను మీదకి మారుతుంది. దాన్ని వెతకాలి. ఇలా ఒక్కొక్కటి. విద్య మొత్తం ఇంతే, మిగతాదంతా ప్రాక్టీసు.

ఆ ఒత్తిడికి పేరు టెన్షన్. తెలుగులో ఈ మాటకి మనం పెట్టుకున్న అర్థం వేరే కాబట్టి మా ఇంట్లో ఒక జోకు ఉంది: టెన్షన్ పెట్టాలి, పడకూడదు.

సామాను

ముప్పై ముక్కల సెట్టు కొనకండి. కావాల్సినవి మూడే: ఒక పొట్టి హుక్కు, అంటే కొన పైకి వంగిన పిక్కు, కొంచెం పొడుగు హుక్కు ఇంకోటి, ప్లగ్గు మీద టెన్షన్ పెట్టే వంచిన పట్టీలు, అంటే టెన్షన్ రెంచులు, రెండు మూడు వేర్వేరు మందాల్లో. పిక్కు మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటే చాలా సిలిండర్లలోకి హాయిగా వెళ్తుంది, 0.6 దాటితే మన దగ్గర దొరికే తాళాల్లో చెవి దూరే ఇరుకు గాడుల్లో ఇరుక్కుంటుంది.

సొంతంగా చేసుకునే సరదా ఉంటే హాక్సా బ్లేడు మంచి సరుకు, మామూలు చేతి బ్లేడు మందం 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. గ్రైండరు మీద రుద్దేటప్పుడు రెండు సెకన్లకోసారి నీళ్ళల్లో ముంచండి, నీలం రంగు తిరిగిందంటే ఉక్కు పదును పోయినట్టే, ఇక వంగిపోతుంది. చివర్లో సన్నటి ఎమరీ కాగితంతో నునుపుగా రుద్దాలి. గరుకు అంచుతో పిన్ను తగిలిందో, పిక్కే గీసుకుందో తేడా తెలియదు. టెన్షన్ రెంచుకి కారు వైపర్ బ్లేడు రబ్బరులో ఉండే స్టీలు పట్టీని మించింది లేదు. మెకానిక్ షెడ్డులో పాత బ్లేడు అడిగితే ఊరికే ఇస్తారు. పక్కడుతో కొనని తొంభై డిగ్రీలు వంచితే అయిపోయింది.

తాళంలో కొబ్బరినూనె పొయ్యకండి. ప్రతి ఇంట్లో ఇదే వైద్యం, ఆర్నెల్లు తిరిగేసరికి దుమ్ముతో కలిసి జిడ్డుముద్ద అవుతుంది. పెన్సిలు ములుకు గీకిన గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు.

ఒక్క పిన్నుతో

విప్పిన తాళంలో మూడో రంధ్రంలో తప్ప మిగతా అన్నిట్లోంచీ పిన్నులు తీసేయండి. జాగ్రత్త, కీ పిన్ను ఒక్కటి తీస్తే చాలదు. ఎదురుగా హౌసింగ్‌లో ఉన్న డ్రైవర్ పిన్నునీ, స్ప్రింగునీ కూడా తీసేయాలి, లేకపోతే ప్లగ్గు లోపలికి వెళ్ళగానే ఆ డ్రైవరు ఖాళీ రంధ్రంలోకి పడి మొత్తం జామ్ అవుతుంది. తీసినవాటిని వరస తప్పకుండా మాత్రల స్ట్రిప్పు ఖాళీ గుంటల్లోనో, మందుల డబ్బా అరల్లోనో పెట్టుకోండి. వరస మారిందంటే మీ చెవి మీ తాళానికే పనిచేయదు.

మళ్ళీ బిగించి, పిన్నులు పైవైపు ఉండేలా పట్టుకోండి. తలుపుకి ఉన్నప్పుడు యూరో సిలిండరు పిన్నులు కిందవైపు ఉంటాయి, చేతిలో పట్టుకున్నప్పుడు తలకిందులు చేస్తే తేలిక. రెంచు కొన గాడి అడుగున పెట్టి, ఎడమచేతి చూపుడువేలుని దాని చివర ఆనించండి. నొక్కొద్దు, ఆనించండి. ఎంత బలం అంటే, వేలిగోరు వంక చూడండి: గోరు కింద గులాబీ రంగు తెల్లబడిందంటే ఎక్కువ నొక్కుతున్నారు. కొత్తవాళ్ళు వందకి వందమంది ఎక్కువే నొక్కుతారు. కంప్యూటర్ కీబోర్డు మీద వేలు పెట్టి అక్షరం పడకుండా ఉంచితే ఎంతో, దాని చుట్టుపక్కల ఉండాలి.

ఇప్పుడు హుక్కుని లోపలికి పోనిచ్చి పిన్నుని వెతకండి, మెల్లగా లేపండి. టెన్షన్ లేకుండా లేపితే స్ప్రింగు మీద మెత్తగా ఆడుతుంది. టెన్షన్ పెట్టి లేపితే పంటికింద రాయిలా గట్టిగా తగులుతుంది. ఈ తేడాని వేళ్ళకి నేర్పడమే మొదటి పాఠం, దీనికి ఒక సాయంత్రం ఇవ్వండి. ఇంకొంచెం లేపితే చిన్న టిక్కు, ప్లగ్గు తిరుగుతుంది. తెరుచుకుంది కదా అని ఎగిరి గంతెయ్యకండి, ఒక్క పిన్ను తాళం హెయిర్‌పిన్నుతో కూడా తెరుచుకుంటుంది. అదే యాభైసార్లు చేయండి. ప్రతిసారీ టెన్షన్ ఇంకా తగ్గించి చూడండి, ఎంత తక్కువలో పిన్ను నిలబడుతుందో తెలిసేదాకా. తర్వాత కళ్ళు మూసుకుని. నేను క్రికెట్ చూస్తూ చేసేవాణ్ణి, బీరువా ఆయన క్యాలెండరు గుర్తొచ్చి.

తెరుచుకున్నాక ప్లగ్గుని పూర్తిగా సగం చుట్టు తిప్పొద్దు. తలకిందులయ్యేసరికి చెవి దూరే గాడి సరిగ్గా డ్రైవర్ పిన్నుల ఎదురుగా వస్తుంది, అవి అందులోకి దిగి ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే పల్చటి పట్టీ ఏదైనా గాడిలో దూర్చి వాటిని లోపలికి నొక్కి తిప్పుకోవాలి.

రెండు, మూడు, అయిదు

రెండో పిన్ను వేశాక ఆట మొదలవుతుంది. ఏది ముందు బిగుస్తుందో వెతకాలి. ముందునుంచి వెనక్కి వరసగా ఉంటుందని ఆశించకండి, ఒక తాళంలో 3, 1, 2 కావచ్చు, ఇంకోదాంట్లో 2, 3, 1. మీ తాళం వరస ఏదో కాగితం మీద రాసుకోండి, అదే తాళాన్ని అటువైపు తిప్పితే వరస మారడం కూడా చూస్తారు.

లోపల పిన్ను మీకు నాలుగు రకాలుగా జవాబిస్తుంది. మెత్తగా పైకీ కిందకీ ఆడితే దాని వంతు ఇంకా రాలేదు, వదిలేసి పక్కదానికి వెళ్ళండి. గట్టిగా బిగిసి ఉంటే అదే ఇప్పటి పిన్ను. సరైన ఎత్తులో కూర్చున్నదైతే కొంచెం వదులుగా కదులుతుంది, కానీ పైన స్ప్రింగు బలం ఉండదు, ఎందుకంటే డ్రైవరు దాన్ని వదిలేసింది. నాలుగోది కొత్తవాళ్ళని ఏడిపించేది: అస్సలు కదలదు, గోడలా ఉంటుంది. అది మీరు ఎక్కువ లేపేసిన పిన్ను, కీ పిన్నే గీతకి అడ్డంగా ఇరుక్కుంది. దానికి మందు ఒకటే, టెన్షన్ కొంచెం కొంచెంగా వదులుతూ పోవడం. టిక్కు టిక్కుమని పిన్నులు ఒక్కోటీ కిందకి పడటం వినబడుతుంది. ఎన్ని టిక్కులు వచ్చాయో లెక్కపెట్టండి, అన్ని పిన్నులు మళ్ళీ కూర్చోబెట్టాలి. అన్నీ పడకముందే ఆపగలిగితే కొంత పని మిగులుతుంది. ఆపగలిగే ఆ వేలు తయారు కావడానికి నాకు నెల పట్టింది.

మూడు పిన్నులకి వచ్చాక పదిలో ఎనిమిదిసార్లు తెరిచేదాకా నాలుగోది వెయ్యకండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. గంట కూర్చుంటే చూపుడువేలు మొద్దుబారుతుంది, మొద్దువేలు ఎక్కువ నొక్కుతుంది, పిక్కు వంగుతుంది, కోపం వస్తుంది.

నాలుగు పిన్నుల దగ్గర రెంచు చోటు కూడా మార్చి చూడండి. గాడి అడుగున కాకుండా పై అంచున, మొదటి పిన్నుకి తగలకుండా పెడితే కింద పిక్కుకి బోలెడు జాగా వస్తుంది. నాకు అయిదో పిన్ను అందింది ఇలా మార్చాకే. అయిదు పిన్నులతో మొదటిసారి తెరుచుకున్నది రాత్రి పన్నెండింటికి, వంటింటి బల్లమీద. ప్లగ్గు చటుక్కున తిరిగి రెంచు జారి గిన్నె మీద పడితే ఇంట్లో అందరూ లేచారు.

కొంచెం తిరిగి ఆగిపోతే

కొత్త తాళంతో ఒకరోజు ఇలా అవుతుంది: ప్లగ్గు నాలుగైదు డిగ్రీలు తిరిగి టక్కున ఆగిపోతుంది. తెరుచుకున్నట్టే ఉంటుంది, తెరుచుకోదు. అన్ని పిన్నులూ కూర్చున్నట్టే ఉంటాయి. ఇది తాళం చేసినవాడు మీకు వేసిన గాలం. లోపల డ్రైవర్ పిన్నుల్లో ఒకటో రెండో డమరుకం ఆకారంలో ఉన్నాయి, నడుము సన్నగా, రెండు కొనలూ లావుగా. స్పూల్ పిన్నులంటారు. ఆ సన్నటి నడుము దగ్గర ప్లగ్గు కొంచెం తిరిగి, లావు అంచుకి తట్టుకుని నిలిచిపోతుంది.

ఏం చేయాలంటే, ఒక్కొక్క పిన్నునీ తేలిగ్గా తాకి చూడండి. ఒకటి లేపబోతుంటే రెంచు మీ వేలుని వెనక్కి తోస్తుంది, ప్లగ్గు ఉల్టా తిరుగుతున్నట్టు. అదే డమరుకం. దాన్ని లేపుతూనే ఎడమవేలు పట్టు కొద్దిగా సడలించి ప్లగ్గుని వెనక్కి రానివ్వాలి, లావు అంచు గీత దాటేంత. మొండికేసి పట్టు బిగిస్తే ఎప్పటికీ దాటదు. దాటాక వేరే పిన్ను ఒకటి పడిపోయి ఉండవచ్చు, దాన్ని మళ్ళీ కూర్చోబెట్టండి. ఎడమచేతిని ముందు నుంచీ అంత నెత్తిన పెట్టుకున్నది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. కుడిచేత్తో లేపడం ఎవరైనా లేపుతారు, వదలడం తెలిసిన ఎడమచెయ్యి కావాలి.

ఇక్కడ వారాల తరబడి ఆగిపోతే దిగులు పడకండి. లండన్‌లో బ్రామా కంపెనీ 1790 నుంచి షాపు కిటికీలో ఒక తాళం పెట్టి, తీసినవాళ్ళకి 200 గినీలు, అంటే అప్పటి ఇంగ్లండు నాణేలు, బహుమానమని బోర్డు కట్టింది. 61 ఏళ్ళపాటు ఎవరివల్లా కాలేదు. 1851లో గ్రేట్ ఎగ్జిబిషన్‌కి అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ దాన్ని తీశాడు, 16 రోజుల్లో విడతలు విడతలుగా యాభై గంటలకి పైగా కూర్చుని. అదే మనిషి చబ్ కంపెనీ డిటెక్టర్ తాళాన్ని 25 నిమిషాల్లో తీసేశాడు. ఆ చబ్ తాళం గొప్పదనమేంటంటే, ఎవరైనా ఏ లీవరునైనా ఎక్కువ లేపితే బిగుసుకుపోయి యజమానికి తెలియజేస్తుంది. మీ నాలుగో రకం పిన్నుకి అది పెద్దన్న.

రేక్ సంగతి

సెట్టులో అలలు అలలుగా ఉండే పిక్కు ఒకటి ఉంటుంది, రేక్. తేలిక టెన్షన్ పెట్టి దాన్ని లోపలికీ బయటికీ ఆడిస్తే చవక తాళాలు కొన్ని సెకన్లలో తెరుచుకుంటాయి. స్నేహితుల ముందు ఫోజు కొట్టడానికి బాగుంటుంది. నేర్చుకునేది మాత్రం సున్నా, ఎందుకు తెరుచుకుందో మీకే తెలియదు. అయిదు పిన్నులు ఒక్కొక్కటిగా తీయగలిగేదాకా దాన్ని పక్కన పెట్టండి.

తర్వాత ఏంటి

అయిదు పిన్నుల మామూలు సిలిండరు పడిపోయాక రెండోది వేరే కంపెనీది కొనండి, ఒకే తాళానికి అలవాటు పడిన చెయ్యి కొత్తదాని దగ్గర తడబడుతుంది. ఆ తర్వాత స్పూల్ పిన్నులున్నది. ఆపైన కంప్యూటర్ కీ సిలిండర్లు, దానికి వేరే పిక్కులు కావాలి.

మన లీవర్ తాళం కప్పలు చివరికి వదిలేయండి. అక్కడ టెన్షన్ పడేది గడియ మీద, ఒక్కో లీవరునీ దాని గాడి గడియకున్న మేకుకి ఎదురుగా వచ్చేదాకా లేపాలి, ఒకే రంధ్రంలోంచి రెండు తీగలు పని చేయాలి. నా దగ్గర ఏడు లీవర్ల కప్ప ఒకటి ఎనిమిది నెలలుగా బల్లమీద ఉంది, ఇంతవరకూ తెరుచుకోలేదు. బీరువా ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి చూపించాను. చేతిలో బరువు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, రంధ్రంలో తీగ ఒక్కసారి పోనిచ్చి తీసి, "గట్టిగా పడుతున్నావు బాబూ, లీవర్లకి దెబ్బలు తగిలున్నాయి" అన్నాడు.